బరువు దాచిన బండి

బరువు తగ్గించండి మహాప్రభో అని నీలవేణి రెండేళ్లు నెత్తీ నోరూ బాదుకుంది. వాళ్లు తగ్గించలేదు. బరువు తెలియకుండా చేశారు. ఆ రెండింటికీ తేడా తెలియని మనుషులు కార్లు తయారుచేయడమేమిటో, జనం వాటిలో ప్రాణాలు పెట్టి కూర్చోవడమేమిటో ఆ దేవుడికే తెలియాలి.

కర్నూలు దాటాక, ఓర్వకల్లు రాతి గుట్టల వెనకాల రంహ మోటార్స్ వాళ్ల పరీక్షల ట్రాక్ ఉంది. అక్కడ ఆమె చాసిస్ ఇంజనీరు. కారు మలుపులో ఎలా తిరుగుతుంది, బ్రేకు తొక్కితే ఎక్కడ ఆగుతుంది, స్టీరింగు చేతికి ఏం చెబుతుంది, అదంతా ఆమె పూచీ. వాళ్లు తయారుచేస్తున్నది ఊరికే ఆఫీసుకు పోయి వచ్చే కారు కాదు. నడపడంలోని సరదా కోసం కొనుక్కునే కారు. పూర్తిగా కరెంటుది. పేరు 'జింక'. పేరులోనే ఉంది చురుకంతా, ఒంట్లో లేదు. బ్యాటరీ ఒక్కటే ఏడు వందల కిలోలు. మొత్తం ఇరవైమూడు వందలు. మలుపులో పెడితే పెళ్లివారి బస్సులా ఒరిగేది.

"బ్యాటరీ సగం చేద్దాం సార్," అంది నీలవేణి, మీటింగులో. "తోడుగా చిన్న పెట్రోలు ఇంజను పెడదాం. బ్యాటరీని మోసే చట్రం, చక్రాలు కూడా తేలికవుతాయి, అన్నీ కలిపినా బండి పద్దెనిమిది వందల కిలోలు దాటదు. అప్పుడు ఇది నిజంగానే జింక."

ప్రాజెక్టు పెద్ద కౌండిన్య నవ్వాడు. విదేశాల్లో నరాల శాస్త్రం చదివి, అక్కడి నుంచి కార్లలోకి దూకిన మనిషి. కోపం రాదు. అదే ఆమెకు కోపం. "ఒక్క ఛార్జింగుకి ఆరు వందల కిలోమీటర్లని ప్రకటన ఇచ్చేశాం నీలవేణి గారూ. సగం బ్యాటరీతో అంత దూరం ఎలా పోతుంది? పైగా పెట్రోలు వాసన వేసే కారు ఇప్పుడెవరికి కావాలి?"

"అయితే జింక అనే పేరు తీసేసి ఎనుము అని పెట్టండి."

గదిలో అందరూ తలలు వంచుకుని నవ్వారు. కౌండిన్య కూడా నవ్వాడు. నవ్వి, నెల తిరక్కుండా 'తేలిక' పట్టుకొచ్చాడు.

చూడటానికి ఏమీ లేదు. సీటు వెనక తల ఆనించుకునే దిండులో రూపాయి బిళ్లంత రబ్బరు బిళ్లలు రెండు. తల ఆనిస్తే చెవుల వెనక తగులుతాయి. మనిషి ఒళ్లు ఎటు ఒరుగుతోంది, ఎంత బరువు ఎటు లాగుతోంది అని లోపలి చెవి నుంచి మెదడుకు ఎప్పుడూ కబురు పోతూ ఉంటుంది. ఆ కబురును ఈ బిళ్లలు దారిలోనే పట్టుకుని మార్చేస్తాయి. చీమ కుట్టినంత కరెంటు కూడా ఉండదు. స్టీరింగు కూడా దానికి తగ్గట్టే తేలిగ్గా తిరుగుతుంది. కారు ఇరవైమూడు వందల కిలోలతో మలుపు తిరుగుతుంది, నడిపేవాడికి మాత్రం తొమ్మిది వందల కిలోల కారు తిరిగినట్టుంటుంది.

"మసిపూసి మారేడుకాయ చేశారు," అంది నీలవేణి.

"నడిపి మాట్లాడండి," అన్నాడు కౌండిన్య.

నడిపింది. మూడో మలుపులో ఆమెకు తెలియకుండానే నోట్లోంచి కేక వచ్చింది, చిన్నప్పుడు ఉయ్యాల పైకి లేచినప్పుడు వచ్చే కేకలాంటిది. కారు ఆమె తలచుకున్న చోటికల్లా తిరిగింది. దిగాక కూడా మొహం మీద నవ్వు ఉండిపోయింది. ఆ నవ్వును తుడుచుకోలేక ఆమెకు మరింత మండింది. బాగాలేని అబద్ధాన్ని ఎవరైనా తిట్టగలరు, ఇంత బాగున్న అబద్ధాన్ని ఏమని తిట్టాలి?

అయినా ఆమె నవ్వుకి అక్కడ విలువ లేదు. విలువ ఓబులేసు మార్కుకే.

ఓబులేసు ఆమె మేనబావ, మొగుడు, రంహ వాళ్ల పెద్ద టెస్ట్ డ్రైవరు. ఒకప్పుడు కార్ల ర్యాలీల్లో దుమ్ము లేపినవాడు. ఆ ట్రాక్‌లో ఒక ఆచారం ఉంది. కారు నడిపి దిగిన డ్రైవరు మంచినీళ్లు తాగకముందే, ఎవరితో మాట్లాడకముందే, పదికి ఇంత అని మార్కు చెప్పాలి. నడిపిన సరదాకి మార్కు. దాన్ని కొలిచే యంత్రం లేదు, మనిషి ఒళ్లే యంత్రం. ఓబులేసు చెప్పిందే ఆఖరు మాట. ఒకసారి ఎవరో డిక్కీలో నీళ్ల క్యాను మరిచిపోతే మొదటి మలుపు నుంచే వెనక్కి తిప్పుకొచ్చి, "డిక్కీలో ఏం పెట్టినార్రా?" అని అడిగిన మనిషి. ఇన్నాళ్లూ జింకకు నాలుగుకి మించి ఇవ్వలేదు.

తేలికతో నడిపి దిగిన రోజు ఓబులేసు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, "తొమ్మిది," అన్నాడు. షెడ్డంతా ఈలలు. కౌండిన్య వచ్చి కౌగిలించుకున్నాడు.

"నిజంగానా బావా?" అంది నీలవేణి ఆ సాయంత్రం ఇంట్లో.

"నీకు కోపం వస్తాదని తెలుసు," అన్నాడు ఓబులేసు, కూతురు సింధూరకి రాగిసంకటి ముద్ద చేసి పెడుతూ. "కానీ నీలా, ఈ కరెంటు కార్లు వచ్చినప్పటి సంది నేను బండి నడపల్యా. బండి మీద కూచోని పోతాండా, అంతే. ఈ పొద్దు నడిపినా."

మొగుడి మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

తర్వాతి వారం అదే కారుకి ఎనిమిది ఇచ్చాడు. పై వారం ఏడు. "మొదటి రోజు అంత లేదు సార్, కొంచెం మొద్దుగా ఉంది," అన్నాడు. కౌండిన్య మనుషులు కంప్యూటర్లో కరెంటు కాస్త పెంచారు. మళ్లీ తొమ్మిది వచ్చింది. మళ్లీ తగ్గింది. మళ్లీ పెంచారు. ఏడెనిమిది నెలలు ఇదే వరస. మార్కు తొమ్మిదికి తేవడమే అక్కడ అందరి పని కాబట్టి, తెచ్చిన ప్రతిసారీ మిఠాయిలు పంచుకున్నారు.

ఇంట్లో గ్లాసులు పగలడం మొదలైంది. ఓబులేసు గ్లాసు కింద పెట్టడు, కొడతాడు. నీళ్ల బిందె ఎత్తబోయి భుజం మీదుగా వెనక్కి విసిరేసినంత పని చేశాడు. మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే నిద్ర చాల్లేదంటాడు. నీలవేణి కూడా నిద్రే అనుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బడి నుంచి పాపను మోటారు సైకిల్ మీద తెస్తూ సందు మలుపులో పడ్డాడు. ఎదురుగా బండి లేదు, ఇసుక లేదు, ఏమీ లేదు. సింధూర ఎడమ చేయి విరిగింది.

ఆసుపత్రి వరండాలో ఓబులేసు తల పట్టుకు కూర్చున్నాడు. "బండి వంగింది నీలా. వంగినట్టు నాకు తెలియల్యా. ఎవరో నేలనే పైకి లేపి కొట్టినట్టయింది."

అప్పుడు గుచ్చుకుంది ఆమెకి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలిసింది కానీ, పట్టుకోకపోతే కాలేది ఒళ్లంతా. ఇంజనీరు కదా, అనుమానం వస్తే ఊరుకోదు, కొలుస్తుంది. మర్నాడు ట్రాక్‌కి పోయి, ఎవరికీ చెప్పకుండా జింక డిక్కీలో యాభై కిలోల ఇసుక మూటలు నాలుగు వేసింది. బ్రేకు పరీక్షలో కారు ఆగాల్సిన గురుతుగా ఎప్పుడూ పెట్టే చోటే ఎర్ర కోను పెట్టింది.

ఓబులేసు నడిపాడు. మలుపులన్నీ తిరిగాడు. కోను ముందు ఆగేలా ఎప్పటి చోటే బ్రేకు తొక్కాడు. రెండు వందల కిలోల ఇసుక అతని చెవికి తెలియకపోయినా రోడ్డుకి తెలుసు. కారు కోనుని గుద్ది, దాన్ని ఈడ్చుకుంటూ పోయి గడ్డిలో ఆగింది.

"కోను ఇవతలికి జరిపినారు ఎవరో," అన్నాడు దిగి, తలుపు పట్టుకుని నిలబడి. "బండి మాత్రం బాగుంది. తొమ్మిది."

నీలవేణి మాట్లాడకుండా డిక్కీ తెరిచింది.

మూటల్ని చూసి ఓబులేసు మొహం నల్లబడింది. "నన్ను పరీక్ష చేస్తావా? మొగుడికి పరీక్ష పెడతావా నువ్వు?" అని అరిచాడు. షెడ్డులో వాళ్లు తిరిగి చూశారు.

"నీళ్ల క్యాను తెలిసిన మనిషివి బావా! నాలుగు మూటలు తెలియల్యా నీకు! ఎవురికి పెట్టాల పరీక్ష?" ఆమె కూడా అంతకంత అరిచింది.

"నిలిపేయమంటావు, అంతే కదా? నిలపను." తలుపు వదిలి ఒక అడుగు వేయబోయి, మళ్లీ తలుపే పట్టుకున్నాడు. గొంతు తగ్గింది. "నిలపలేను నీలా. దిగినానంటే నేల గుడారం గుడ్డ మాదిరి ఊగుతాంది. కార్లో కూచుంటేనే సదురుకుంటాంది. ఆ సీట్లోనే నేను మనిషిని."

ఆ మాటతో ఆమె కోపం అతని మీద నుంచి దిగిపోయింది. దిగి ఎక్కడికి పోవాలో దానికి బాగా తెలుసు.

కౌండిన్య గదిలోకి తలుపు తట్టకుండా పోయింది.

"తక్కెడ పళ్లెం మీద చెయ్యేసి నొక్కితే తూకం ఏమొస్తుంది సార్?"

"ఏమిటండీ?"

"బండి బాగుందో లేదో కొలవడానికి మీ దగ్గరున్నది మా ఆయన చెవి ఒక్కటే. ఆ చెవికే మీరు అబద్ధం నేర్పారు. చెవి మొద్దుబారి మార్కు తగ్గింది. బండి బాగాలేదనుకుని మీరు కరెంటు పెంచారు. అది ఇంకా మొద్దుబారింది. మీరు ఇంకా పెంచారు. ఏడెనిమిది నెలల నుంచి మీరు కారుని సరిచేయడం లేదు, మనిషిని చెడగొడుతున్నారు. ఇంతమంది చదువుకున్నవాళ్లున్నారే, ఒక్కడికీ తట్టలేదా? నాకూ తట్టలేదు, నా నోరు పడిపోను!"

కౌండిన్య మొహంలో మొదటిసారి నవ్వు ఆగింది. నిజంగానే తట్టలేదని ఆమెకు కనిపించింది. ఇప్పుడైనా మనిషిలా మాట్లాడతాడనుకుంది.

"కొనుక్కున్నవాళ్లు ఆయనలా రోజంతా నడపరు," అన్నాడు చివరికి.

"సరదాకి కొన్నవాళ్లు నడపక ఏం చేస్తారు? పూజలో పెట్టుకుంటారా?"

"మీ కోపం నాకు అర్థమవుతుంది. దీనికి దారి ఉంది." సొరుగులోంచి నల్లటి పట్టీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. మెడ వెనక నుంచి చెవుల దాకా వచ్చే పట్టీ, దాని చివర్లలో అవే రబ్బరు బిళ్లలు. "కారు దిగాక కూడా పెట్టుకోవచ్చు. తూలడం ఉండదు. నిజానికి మార్కెట్లోకి పోయాక ఇది కూడా..." అని, ఆమె మొహం చూసి ఆపేశాడు.

జబ్బు అంటించి మందు అమ్మే మనిషిని నీలవేణి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. "మానేస్తే చెవి బాగవుతుందా? అది చెప్పండి," అంది.

"అవ్వచ్చు. ఇంతవరకూ ఎవరూ మానలేదు కదా, చెప్పలేం."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఈ పిల్లికి చెలగాటమని కూడా తెలియదు, శాస్త్రం అనుకుంటోంది. ఆమె తేలిక ఉన్న కారు మీద సంతకం పెట్టనని చెప్పి వచ్చేసింది. ఆమె సంతకం అక్కర్లేదని సాయంత్రానికే తెలిసింది. ఓబులేసు ఆఖరి మార్కు చెబితే చాలు, జింక మార్కెట్లోకి విడుదలయ్యే రోజు ఆ మార్కు డీలర్లందరి ఎదుటా చెప్పాలి.

"పోవద్దు బావా," అంది ఇంట్లో.

"ఈ ఒక్కసారి పోనీ. ఆ మార్కు చెప్పేది నేను. ఇంకొకడు చెప్తే చూస్తా ఊరుకోలేను." కౌండిన్య పంపిన పట్టీ అప్పటికే అతని మెడకు ఉంది. గోడ పట్టుకోకుండా నడుస్తున్నాడు. చక్కగా, నిటారుగా, పెళ్లికొడుకులా. అది చూసి సంతోషపడాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

విడుదల రోజు ట్రాక్ పక్కన షామియానా వేశారు. డీలర్లు చల్లటి మజ్జిగ తాగుతూ కూర్చున్నారు. కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందర చల్లిన పసుపు నీళ్లు, కుంకుమ. హారతికి పెద్ద డ్రైవరు ఇంటివాళ్లు రావడం ఆనవాయితీ కాబట్టి నీలవేణి కూతుర్ని తీసుకుని వచ్చింది. హారతి ఇచ్చింది కూడా. ఇస్తున్నంతసేపూ పళ్లెం విసిరికొట్టాలనిపించింది.

ఓబులేసు బూడిద గుమ్మడికాయ ఎత్తాడు. పైన కర్పూరం వెలుగుతోంది. రెండు చేతులూ కావలసిన కాయని బంతిలా ఎత్తి, కారుకి దిష్టి తీసి నేలకేసి కొట్టాడు. ముక్కలు షామియానా దాకా ఎగిరాయి. డీలర్లు చప్పట్లు కొట్టారు. తర్వాత కారెక్కి ట్రాక్ చుట్టూ తిరిగి వచ్చాడు. చూసినవాళ్లకి ఊపిరి ఆడలేదు. అంత అందంగా నడిపాడు, ఆ మాట నీలవేణి కూడా కాదనలేదు.

దిగి, పట్టీ సర్దుకుని, డీలర్ల వైపు నడిచాడు. ఆచారం ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. ఆ ఆచారం ఆరేళ్ల పిల్లకి ఏం తెలుసు? సింధూర తల్లి చేయి విడిపించుకుని, కట్టు కట్టిన చేయి ఊపుకుంటూ పరుగెత్తింది.

"నాయినా! ఎత్తుకో!"

ఓబులేసు వంగి ఎత్తుకున్నాడు. ఎత్తుకుని ఆగిపోయాడు.

పాప మెడ చుట్టూ చేయి వేసింది, భుజం మీద తల పెట్టింది. అతను మాత్రం పాప వైపు అనుమానంగా చూశాడు. ఒక చేత్తో ఆమె వీపు తడిమాడు. మళ్లీ కొంచెం పైకి ఎగరేసి పట్టుకున్నాడు. ఉత్త గౌను ఎత్తినట్టు పైకి లేచింది. అతని మొహం చూసి నీలవేణి రెండడుగులు ముందుకు వేసింది.

"అమ్మీ," అన్నాడు మెల్లగా, "నువ్వు నా చేతిలోనే ఉండావా?"

"ఉండాను కదా నాయినా," అంది పాప, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఓబులేసు మెడ మీద పట్టీ లాగి పారేశాడు. వెంటనే కాళ్లు ఒంకర పోయాయి. పాపను గుండెకు అదుముకుని, తను కింద, ఆమె పైన ఉండేలా మెల్లగా నేల మీదికి జారాడు. పసుపు నీళ్లలో, గుమ్మడి ముక్కల మధ్య కాళ్లు బారజాపుకు కూర్చున్నాడు. పాప ఒళ్లో కూలబడింది. అతను కళ్లు మూసుకుని, ఆమెను తొడ మీద అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు.

"తెలుస్తాంది," అన్నాడు. "రవ్వంత తెలుస్తాంది నీలా."

కౌండిన్య గబగబా వచ్చాడు. చెమటలు పట్టాయి. "ఎండ దెబ్బ. ఎండలో నిలబడ్డాడు కదా," అని డీలర్లకి చెప్పి, వంగి, పట్టీ చేతికి అందించబోయాడు. "ఓబులేసు, పెట్టుకో. మార్కు ఒక్కటి చెప్పెయ్యి, తర్వాత విశ్రాంతి తీసుకుందువు."

"మార్కు చెప్పేటోడు ల్యాడు సార్," అన్నాడు ఓబులేసు. అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు. "ఆ మనిషిని మీరు కొంచెం కొంచెం తినేసినారు. నేనూ కూచోని తినిపించినా. ఈ బండి మంచిదో చెడ్డదో నాకు తెలియదు. నా బిడ్డ బరువే నాకు తెలియల్యా."

ముందు వరసలో కూర్చున్న డీలరు ఒకాయన గ్లాసు కింద పెట్టి, పక్కాయన వైపు ఒరిగి, అందరికీ వినిపించేంత గుసగుసతో, "ఆ పట్టీ కారుతో పాటే ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా?" అని అడిగాడు.

నీలవేణి అతని వైపు చూసింది. ఏదో అనడానికి నోరు తెరిచింది కూడా. అంతలోకి ఓబులేసు లేవబోయి మళ్లీ కూలబడటంతో ఆ పని మానుకుంది. ముందు మొగుణ్ణి లేపాలి.

పాపను పక్కన నిలబెట్టింది. మొగుడి చేయి తన మెడ చుట్టూ వేసుకుని, నడుం పట్టుకుని లేచింది. ఎత్తైన మనిషి, మంచి ఒళ్లున్న మనిషి. మొత్తం ఆమె భుజం మీదికి వచ్చాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కార్లలో కిలో కిలో తగ్గించడానికి బతుకంతా పోట్లాడిన మనిషి, పళ్లు బిగించి ఆ బరువంతా ఎత్తుకుని నిలబడింది. పాప రెండో వైపు నాయన చొక్కా పట్టుకుంది. ముగ్గురూ ఒరుగుతూ, ఆగుతూ గేటు వైపు నడిచారు. దారిలో ఉన్న డీలర్లు కుర్చీలు జరుపుకున్నారు.

కౌండిన్య చేతిలో పట్టీ అలాగే ఉంది. అతని పక్కకు వచ్చినప్పుడు నీలవేణి ఆగింది. రొప్పుతోంది, చీర కుచ్చెళ్లకు పసుపు బురద అంటింది.

"ఈ బరువును కూడా దాయండి సార్," అంది. "ఎట్ల దాస్తారో నేనూ చూస్తా."